కేబుల్ పై తోలు చినిగితే టేపు ఎట్లా చుట్టాలి, యాడ చుట్టకూడదు

వాన పడిన మరుసటి రోజు పొద్దున్నే నాకు ఫోన్లు మొదలవుతాయి, "అన్నా, స్టార్టర్ కాడ వైరు మీద తోలు లేచిపోయింది, టేపు చుట్టేస్తే సరిపోతాదా" అని. అనంతపురం జిల్లా ఉరవకొండ పక్క చేలల్లో బోరు మోటార్లు, స్టార్టర్ డబ్బాలు, ఊర్లో ఇళ్ల వైరింగు, ఇదే నా పని చానా ఏండ్లుగా. ఈ ప్రశ్నకు ఫోన్లో అవును కాదు అని చెప్పలేను, ఏంటికంటే తోలు ఎంత లోతుకు పోయిందో కండ్లతో చూస్తే గానీ తెలీదు. అందుకే నేను చూసేది ఎట్లా, చుట్టేది ఎట్లా, ఎప్పుడు టేపు పక్కన పెట్టి కత్తెర తీస్తానో మొత్తం ఒకసారి రాసేస్తాండా, నిదానంగా చదవండి.

ముందు కేబుల్ లోపల ఏముందో తెలియాల. పైన మందంగా కనపడే నల్ల తోలో తెల్ల తోలో ఒకటి ఉంటాది, దాని పని లోపలి వైర్లకు దెబ్బ తగలకుండా, నీళ్లు పోకుండా కాపాడటం. దాన్ని కోస్తే లోపల ఎరుపు, పసుపు, నీలం రంగుల్లో విడివిడి వైర్లు ఉంటాయి, వీటినే కోర్లు అంటాం. ఒక్కో కోరుకు మళ్లా తన సొంత రంగు తోలు, దాని లోపల రాగి పోగులు. కరెంటు ఆపేది నిజానికి ఆ రంగు తోలే, పైది దానికి చొక్కా లాంటిది. చొక్కా చినిగితే టేపు వేసి నెట్టుకు రావచ్చు, లోపలి తోలు తెగితే మాత్రం అది వేరే లెక్క. ఈ తేడా ఒక్కటి పట్టుకుంటే సగం పని అయిపోయినట్టే.

చూసేది కూడా కరెంటు పూర్తిగా తీసిన తర్వాతే (అదెట్లా తీయాలో కింద చెప్తా). చినిగిన కాడ కేబుల్‌ను రెండు చేతుల్తో పట్టుకొని చినుగు పైకి వచ్చేటట్టు రవ్వంత వంచండి, చినుగు నోరు తెరుచుకుంటాది, లోపల రంగు తోలు కనపడతాది. ఆ రంగు తోలు మీద గోరుతో గీకి చూడండి, గీత, కోత, పంటి గాటు ఏదీ లేకుండా నున్నగా ఉంటే టేపు పని చేస్తాది. రంగు తోలు మీద గాటు ఉంది కానీ రాగి కనపడలేదు అంటే, ఇంట్లో పొడిగా ఉండే చోట ఆ కోరుకు విడిగా టేపు చుట్టి, మళ్లా పైన చుట్టి కొన్నాళ్లు వాడుకోవచ్చు, చేలో తడిలో మాత్రం వద్దు. రాగి కనపడిందా, పోగులు నాలుగైనా తెగినాయా, రాగి నల్లగానో పచ్చగానో తిరిగిందా, ఇంక టేపు మాటే ఎత్తొద్దు. ఆ ముక్క కోసేసి సరిగ్గా జాయింటు వేయాల లేదా వైరే మార్చాల. పోగులు తెగితే మిగిలిన పోగుల మీద లోడు పడి ఆ చోటు వేడెక్కుతాది, మీరు చుట్టిన టేపు ఆ వేడికి కరిగి జిగురు కారతాది, పైకి మాత్రం అంతా బాగున్నట్టే కనపడతాది.

ఇంకొకటి, తోలు ఒక్కచోటే కాకుండా పొడుగూతా పెళుసై, వంచితే పటపట పగుళ్లు వస్తాంటే అది ఎండకు చచ్చిపోయిన కేబుల్. మన అనంతపురం ఎండలు తెలిసినవే కదా, ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటి కాస్తాంటే రేకుల షెడ్డు మీద పడి ఉన్న పీవీసీ తోలు ఎన్నేళ్లని తట్టుకుంటాది. ఈ రోజు ఇక్కడ చుడితే వచ్చే నెల జానెడు అవతల పగులుతాది. అట్లాంటిదానికి టేపు మీద డబ్బులు పోసేకన్నా కొత్త వైరు తెచ్చుకోవడం మేలు.

టేపు అసలు వేయకూడని చోట్లు కొన్ని ఉన్నాయి. ఇస్త్రీ పెట్టె వైరు, ఏంటికంటే పెట్టె వేడికి, రోజూ మెలి తిరగడానికి టేపు నిలవదు, పైగా చేత్తో పట్టుకునేది అక్కడే. మిక్సీ వైరు, టేబుల్ ఫ్యాన్ వైరు ప్లగ్గు మొదట్లోనో మిషన్ లోపలికి పోయే చోటో తెగితే టేపు కాదు, అక్కడికి కోసి ప్లగ్గు మళ్లా బిగించడమో వైరు మార్చడమో చేయాల. గీజరు వైరు, నీళ్లలో వేసే హీటర్ వైరు అయితే ఆలోచనే వద్దు. మట్టిలో పూడ్చిన కేబుల్‌కు టేపు చుట్టి మళ్లా పూడ్చడం చానా మంది చేస్తారు, తేమ మెల్లగా టేపు జిగురు పట్టుకొని లోపలికి పాకుతాది, దానికి రెసిన్ (పోసినాక గట్టిపడే జిగురు) పోసే జాయింటు కిట్లు వేరే దొరుకుతాయి. ఇంక స్తంభం నుంచి మీ మీటరుకో స్టార్టర్ డబ్బాకో వచ్చే సర్వీసు వైరు, అది మీ మెయిన్ ఆపినా ఆగదు, మీ చేతిలో దాని స్విచ్చి లేదు. దాన్ని ముట్టొద్దు, లైన్‌మేన్‌కు చెప్పండి, లేకుంటే 1912 కి ఫోన్ చేయండి.

ఇప్పుడు కరెంటు తీయడం. ఇది కొంచెం పొడుగ్గా రాస్తా, ఏంటికంటే మన దగ్గర ప్రాణాలు పోయేది ఎక్కువగా ఇక్కడే. వ్యవసాయానికి కరెంటు రోజంతా ఉండదు, 9 గంటలు టైము ప్రకారం వస్తాది, మధ్యలో పోతాది, మళ్లా వస్తాది. రైతు ఏమనుకుంటాడంటే ఇప్పుడు కరెంటు లేదు కదా, గబగబా వైరు సరిచేసేద్దాం అని కూర్చుంటాడు. కరెంటు లేకపోవడం వేరు, కరెంటు తీసేయడం వేరు. అది ఏ నిమిషమైనా రావచ్చు. పైగా ఇప్పుడు చానా డబ్బాల్లో ఆటో స్టార్టర్లు పెట్టినారు, కరెంటు రాగానే ఎవరూ బటన్ నొక్కకుండానే మోటారు తనంతట తానే ఎత్తుకుంటాది, మీరేమో ఆ టైముకు వైరు చేతిలో పట్టుకొని ఉంటారు. అందుకే ఆటో స్విచ్చి ఆఫ్‌లో పెట్టండి, మెయిన్ దించండి, దించి వదిలేయకుండా ఫ్యూజులు మూడూ పీకి మీ జేబులో వేసుకోండి. జేబులో వేసుకోమన్నది ఊరికే కాదు, మీరు గెనెం (చేని గట్టు) అవతల వైరు కాడ ఉంటే పక్క చేనాయన వచ్చి మెయిన్ దిగింది కదా అని మంచి మనసుతోనే ఎత్తేస్తాడు, ఫ్యూజులు మీ దగ్గరుంటే ఏమీ కాదు. ఫ్యూజులు పీకినా డబ్బాలో పై వైపు, అంటే స్తంభం నుంచి వచ్చే వైపు కరెంటు ఉంటూనే ఉంటాది, అక్కడ వేలు పెట్టొద్దు. ఇంట్లో అయితే ప్లగ్గు పీకేస్తే చాలు, గోడ వైరింగు అయితే మెయిన్ ఆపి ఇంట్లో వాళ్లందరికీ చెప్పి మొదలుపెట్టండి.

తీసినాక టెస్టర్‌తో చూడండి. టెస్టర్ ముందు పని చేస్తాందో లేదో కరెంటు ఉన్న చోట పెట్టి చూసి, ఆ తర్వాత మీరు ముట్టుకోబోయే చోట పెట్టండి, మళ్లా కరెంటు ఉన్న చోట పెట్టి చూడండి, మధ్యలో అది చచ్చిపోయి ఉండొచ్చు. మిట్టమధ్యాన్నం చేలో టెస్టర్ లోపలి దీపం వెలిగినా కనపడదు, ఇంకో చేయి అడ్డం పెట్టి నీడలో చూడాల. త్రీ ఫేజు అయితే మూడు వైర్లూ చూడండి, ఒక్కటి చూసి నమ్మొద్దు. బల్బుతో చూసే అలవాటు ఉన్నోళ్లు గుర్తుంచుకోండి, రెండు ఫేజుల మధ్య 415 వోల్టుల దాకా ఉంటాది, 230 వోల్టుల బల్బు ఒక్కటే పెడితే పేలుతాది, రెండు బల్బులు సీరీస్‌లో, అంటే ఒకదాని వెనక ఒకటి కట్టుకోవాల.

తర్వాత శుభ్రం చేయడం, అందరూ ఎగ్గొట్టేది ఇదే. నేనూ ఎగ్గొట్టినోన్నే. నేను పదో తరగతి చదివేటప్పుడు మా చేలో స్టార్టర్ నుంచి బోరుకు పోయే కేబుల్‌ను ఎలకలు కొరికినాయి. శెనక్కాయ తీత టైము, పని ఒత్తిడి, ముందు రోజే వాన పడింది, నేను లుంగీ అంచుతో వైరు ఒకసారి తుడిచి బురద మీదే టేపు బిర్రుగా చుట్టేసినా. చూడ్డానికి చక్కగా ఉంది, నాయన కూడా బాగా చేసినావు అన్నాడు. రెండు నెలలకు నాయన వట్టి కాళ్లతో తడి మడిలో దిగి ఆ కేబుల్‌ను పక్కకు జరపబోయినాడు. దెబ్బకు ఎగిరి గెనెం మీద పడినాడు, అదృష్టం కొద్దీ చేయి వైరును వదిలి ఊడొచ్చింది కాబట్టి మనిషి దక్కినాడు. కుడి చేతి రెండు వేళ్ల మీద కాలిన మచ్చ ఇప్పటికీ ఉంది, అన్నం కలిపేటప్పుడు నాకు కనపడతానే ఉంటాది. తర్వాత ఆ టేపు విప్పి చూస్తే లోపల బురద ఎండి పొడి అయ్యి, టేపు వైరుకు కాదు ఆ పొడికి అతుక్కొని ఉంది. గొట్టంలో పోయినట్టు నీళ్లు లోపలికి పోయినాయి, ఎలక పంటి గాటు లోపలి ఎర్ర తోలు మీద కూడా ఉంది, అది నేను ఆ రోజు చూడనే లేదు.

కాబట్టి ముందు తడి గుడ్డతో బురద తుడవండి, తర్వాత పొడి గుడ్డతో, తర్వాత ఎండలోనో గాలికో పూర్తిగా ఆరనివ్వండి. చినుగుకు అటు ఇటు జానెడు దూరం శుభ్రంగా ఉండాల, చినుగు ఒక్కటే తుడిస్తే చాలదు, టేపు పట్టుకునేది ఆ అటు ఇటు ఉండే మంచి తోలునే. ఎరువు, మందు చల్లిన చేతులతో ముట్టుకోవద్దు, ఆ ఉప్పు తేమను లాక్కుంటాది. గ్రీజు జిడ్డు ఉంటే దూది మీద రవ్వంత స్పిరిట్ పోసి తుడవండి, కిరసనాయిలు, పెట్రోలు వద్దు, అవి పీవీసీ తోలును మెత్తబరుస్తాయి, జిడ్డు మిగులుస్తాయి, టేపు జారతాది. తోలు మరీ నున్నగా మెరుస్తాంటే సన్న ఎమరీ పేపర్‌తో లైటుగా రుద్దితే పట్టు వస్తాది. చినుగు అంచులు పైకి లేచి ముండ్ల మాదిరి ఉంటే బ్లేడుతో ఆ లేచినంత వరకే చెక్కేయండి, బ్లేడు మీ వైపు కాకుండా అవతలికి లాగండి, కోరు మీద ఆనకూడదు. అంచు అట్లే వదిలేస్తే టేపు దాని మీద గుడారం మాదిరి లేచి లోపల గాలి నిలుస్తాది.

టేపు గురించి. కరెంటు పనికి వాడే పీవీసీ టేపే కావాల, అట్టపెట్టెలకు వేసే సెల్లో టేపు, ఆస్పత్రి ప్లాస్టర్, పాలితీన్ కవరు చింపి కట్టడం ఇవేవీ కరెంటును నమ్మకంగా ఆపవు, ఆపినట్టు కనపడతాయి అంతే. కొనేటప్పుడు ఐఎస్ఐ గుర్తు చూడండి, చవక టేపు పలచగా ఉంటాది, లాగితే తెగిపోతాది లేదా సాగి అట్లే ఉండిపోతాది. మంచిది లాగితే సాగి, వదిలితే వెనక్కి ముడుచుకోవాలని చూస్తాది, ఆ ముడుచుకునే గుణమే వైరును బిగించి పట్టేది. షాపులో ఎండ పడే చోట వేలాడదీసిన రోల్ తీసుకోవద్దు, పక్క అంచు మీద వేలు పెట్టి చూడండి, జిగురు బయటికి కారి అంటుకుంటాంటే అది పాతది. నల్లదే తీసుకోండి ఆరుబయట పనికి, ఎండకు మిగతా రంగులకన్నా అదే ఎక్కువ నిలుస్తాది, రంగువి లోపల కోర్ల గుర్తుకు బాగుంటాయి. తడి తగిలే చోట అయితే దీంతో పాటు రబ్బరు టేపు అని ఇంకొకటి దొరుకుతాది, జిగురు ఉండదు, మధ్యలో ఒక పొర ప్లాస్టిక్ ఉంటాది, అది ఒలిచి చుడితే తనకు తానే అతుక్కొని కొద్దిసేపటికి ఒకే ముద్ద అయిపోతాది, మళ్లా విప్పలేం. ఖరీదు ఎక్కువే కానీ బోరు కాడ, స్టార్టర్ కాడ పని చేసేవాళ్లు ఒక రోల్ పెట్టుకోవాల్సిందే. దాన్ని ఒక్కదాన్నే ఎండలో వదిలేయకూడదు, పైన పీవీసీ టేపు కప్పాల, ఎండ, రాపిడి రెండూ దానికి పడవు.

ఇంక చుట్టడం. చినుగుకు మూడు వేళ్ల దూరం ముందు, మంచి తోలు మీద మొదలుపెట్టండి. మొదటి చుట్టు నిటారుగా, తన మీద తానే పూర్తిగా పడేటట్టు ఒకటి వేసి బొటనవేలితో నొక్కండి, ఇది పునాది. అక్కడి నుంచి టేపును కొంచెం ఏటవాలుగా తిప్పి, ప్రతి చుట్టు ముందు చుట్టులో సగం మీద పడేటట్టు పోవాల. సగం మీద సగం అన్నమాట, ఇట్లా ఒకసారి పోతే ప్రతి చోటా రెండు పొరలు పడతాయి. రోల్‌ను వైరుకు దగ్గరగా పట్టుకొని, దూరం నుంచి లాగకుండా, టేపు వెడల్పు రవ్వంత సన్నబడేంత మాత్రం లాగుతూ చుట్టండి. ఎంత లాగాలనేది చేతికి తెలుస్తాది, టేపు మీద నల్ల మెరుపు పోయి తెల్లబారితే ఎక్కువ లాగినట్టు, ముడతలు పడితే తక్కువ లాగినట్టు. చినుగు దాటి ఇంకో మూడు వేళ్లు పోయి, అక్కడ తెంపకుండా అదే టేపుతో వెనక్కి తిరగండి, మళ్లా సగం మీద సగం. అటు ఇటు ఒకసారి అంటే నాలుగు పొరలు, ఆరుబయట అయితే నేను ఇంకోసారి పోయి ఆరు పొరలు వేస్తా.

ఎక్కువ మంది పాడు చేసేది చివరి చుట్టు. పని అయిపోతాందని ఉత్సాహంలో బలంగా లాగి పుటుక్కున తెంపుతారు. సాగిన టేపు కొస వెనక్కి ముడుచుకుంటూ రెండు రోజుల్లో లేస్తాది, అక్కడ మట్టి అంటుకుంటాది, ఇంక అక్కడి నుంచి మొత్తం విప్పుకుంటా పోతాది. చివరి చుట్టు అసలు లాగకుండా ఊరికే వేసి, కత్తెరతోనో బ్లేడుతోనో కోసి, కొస మీద బొటనవేలు పెట్టి ఒక నిమిషం నొక్కి పట్టుకోండి. మీ వేలి వేడికి జిగురు కూర్చుంటాది. నేను ఆ తర్వాత కూడా మొత్తం చుట్టును పిడికిట్లో పట్టుకొని పొడుగూతా పిండినట్టు నొక్కుతా, లోపల గాలి ఉంటే చేతికి మెత్తగా తగులుతాది.

నిలువుగా దిగే కేబుల్ అయితే ఒక కిటుకు ఉంది. ఆఖరి పొర కింద నుంచి పైకి చుట్టండి. అప్పుడు పై చుట్టు కింది చుట్టును కప్పుతాది, ఇంటి పెంకుల మాదిరి, వాన నీళ్లు జారి కిందికి పోతాయి. పై నుంచి కిందికి చుడితే ప్రతి అంచు పైకి నోరు తెరిచి ఉంటాది, ప్రతి అంచులోనూ నీళ్లు నిలుస్తాయి. చేతిలో ఒక్క నిమిషం పని, వానాకాలమంతా తేడా కనపడతాది.

ఎంత టేపు పడతాదంటే, బొటనవేలంత లావు కేబుల్ మీద నాలుగు వేళ్ల చినుగు ఉందనుకోండి, అటు ఇటు కలుపుకొని జానెడు చుట్టాల్సి వస్తాది, నాలుగు పొరలకు రెండున్నర నుంచి మూడు మీటర్ల టేపు పోతాది. మామూలు చిన్న రోల్‌లో ఆరేడు మీటర్లు ఉంటాది కాబట్టి రెండు మూడు చోట్లకు మించి రాదు. ఒకే రోల్‌తో పది చోట్ల చుట్టినామంటే అన్ని చోట్లా పలచగా వేసినట్టే.

కోర్ల మీద కూడా చుట్టాల్సి వస్తే మూడింటినీ కలిపి ఒకే చుట్టుగా ఎప్పుడూ వేయొద్దు. ఒక్కో కోరుకు విడిగా, దాని రంగుకు దగ్గర రంగు టేపు, ఆ తర్వాత మూడూ కలిపి పై తోలుగా ఇంకో చుట్టు. బోర్లకు వాడే బల్లపరుపు కేబుల్ మీద ఇంకో చిక్కు, దాని రెండు అంచుల కాడ టేపు బిర్రుగా ఉంటాది, మధ్యలో కోర్ల మధ్య పల్లంలో అతుక్కోదు, ఆ పల్లమే నీళ్లకు కాలవ. ముందు రబ్బరు టేపును వెడల్పు ముప్పావు వంతుకు తగ్గేదాకా సాగదీసి ఒక పొర వేసి, వేలితో పల్లంలోకి అదిమి, ఆ తర్వాత పీవీసీ టేపు వేస్తే సరిగ్గా కూర్చుంటాది.

టేపు నీళ్లను, కరెంటును కొంత ఆపుతాది కానీ బలం ఇయ్యదు. లాగుడు పడే చోట, ట్రాక్టరు చక్రం ఎక్కే బండిబాట మీద, మేకలు తొక్కే చోట టేపు చుట్టి వదిలేస్తే వారం కూడా ఉండదు. చుట్టిన చోటును నేల మీద పెట్టకుండా కర్రకో గోడకో పైకి కట్టండి, కట్టేటప్పుడు ఇనప తీగతో కాదు, ప్లాస్టిక్ తాడుతో. బాట దాటే చోట పీవీసీ పైపులో పోనివ్వండి. కేబుల్ ఎందుకు చినిగిందో ఆ కారణం అట్లే ఉంటే ఎన్నిసార్లు చుట్టినా దండగే, ఎలకలు స్టార్టర్ డబ్బా కింది బొక్కలో నుంచి వస్తాంటే ఆ బొక్క మూయండి, డబ్బా రేకు అంచు కోస్తాంటే ఆ రంధ్రానికి రబ్బరు బుష్షు వేయండి. ఉడతలు చెట్టుకు ఆనుకున్న వైరునే ఎక్కువ కొరుకుతాయి, కొమ్మకు దూరంగా జరపండి.

తాడిపత్రి పక్క నాపరాళ్ల పాలిష్ షెడ్లలో, ఇంటి పనుల్లో టైల్స్ కోసేవాళ్ల దగ్గర ఇంకా కష్టం. చేతి కటింగ్ మిషన్ వైరు రాతి అంచుల మీద ఈడ్చుకుంటా పోతాది, కింద నీళ్లు, రాతి పొడి కలిసిన బురద, మనిషి వట్టి కాళ్లతో నిలబడి ఉంటాడు. అక్కడ వైరు మీద టేపు ముద్దలు నాలుగైదు నేనే లెక్కపెట్టినా. ఆ వైర్లకు టేపు వద్దు నాయనా, ఆ మిషన్ వైరు మొత్తం మార్చడానికి అయ్యే ఖర్చు ఆ పిల్లోని రెండు రోజుల కూలి కూడా ఉండదు. మేస్త్రీలు ఇది చదివితే దయచేసి మార్పించండి.

బోరు లోపల నీళ్లలో ఉండే జాయింటు ఇంటి దగ్గర చేసుకునే పని కాదు. మోటారు దించేవాళ్లు మూడు కోర్లనూ ఒకే చోట కాకుండా మెట్లు మెట్లుగా కోసి, రాగి గొట్టంలో పెట్టి నొక్కి, రబ్బరు టేపు, పైన పీవీసీ టేపు వేస్తారు. దించే ముందు ఆ జాయింటును బకెట్ నీళ్లలో ముంచి మెగ్గర్ (కరెంటు లీకవుతాందో లేదో కొలిచే మీటరు) పెట్టి చూడమని అడగండి, రెండు కొసలూ బయట ఉండాల, జాయింటు మాత్రమే మునగాల. కొంతమంది టైము లేదంటారు, అయినా పట్టుబట్టండి, మోటారు మళ్లా పైకి లాగే కూలితో పోలిస్తే ఆ అరగంట ఏమీ కాదు.

అంతా అయినాక ఫ్యూజులు పెట్టి, చెప్పులు వేసుకొని, పొడి నేల మీద నిలబడి కరెంటు ఇవ్వండి. చుట్టిన చోట చేయి పెట్టొద్దు. అరగంట మోటారు ఆడినాక మళ్లా కరెంటు మొత్తం తీసి, అప్పుడు చుట్టిన చోటును, దానికి మూరెడు అవతల వైరును ముట్టుకొని చూడండి. చుట్టిన చోటు ఎక్కువ వెచ్చగా ఉంటే లోపల పోగులు తెగినట్టే, విప్పి చూడాల్సిందే. ఇంకో మాట, ఎంసీబీ (మెయిన్ బోర్డులో తనంతట తానే పడే స్విచ్చి) ఉంది కదా కొట్టేస్తాదిలే అని ధైర్యంగా ఉండొద్దు, అది లోడు ఎక్కువైతేనో షార్టు అయితేనో పడతాది, మనిషికి షాక్ కొట్టేటప్పుడు పోయే కరెంటు దానికి లెక్కలోకి రాదు. మనిషిని కాపాడేది ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే పడే స్విచ్చి, 30 మిల్లీ ఆంపియర్లది ఇంటి మెయిన్‌లో పెట్టించుకోండి, దాని మీద ఉండే టెస్ట్ బటన్ నెలకొకసారి నొక్కి పడుతుందా లేదా చూడండి.

ఎవరికైనా షాక్ కొట్టి వైరు పట్టుకొని ఉంటే వాళ్లను ముట్టుకోవద్దు, ముందు మెయిన్ దించండి, దించడానికి వీల్లేకపోతే పొడి కట్టెతో వైరును పక్కకు నెట్టండి, తడి కట్టె కాదు. స్తంభం మీది పెద్ద లైను అయితే కట్టెతో కూడా పోవద్దు, దూరంగా ఉండి కరెంటు ఆపించండి. మనిషి విడిపోయినాక ఊపిరి లేకుంటే ఛాతీ మధ్యలో గట్టిగా వేగంగా నొక్కుతా ఉండండి, ఇంకొకరు 108 కి ఫోన్ చేయాల. మనిషి లేచి కూర్చొని బాగానే ఉన్నా అన్నా సరే ఆస్పత్రికి తీసుకుపోండి, మా నాయన వద్దన్నా తీసుకుపోయినాం.

చుట్టిన చోటును పది రోజులకు ఒకసారి, వాన తర్వాత ఒకసారి, ఎండాకాలం మొదట్లో ఒకసారి చూడండి. కొస లేచిందంటే దాని మీద ఇంకో చుట్టు వేయొద్దు, కరెంటు తీసి మొత్తం విప్పి, జిగురు తుడిచి, మొదటి నుంచి మళ్లా చుట్టండి. మిగిలిన రోల్‌ను స్టార్టర్ డబ్బాలో పెట్టి మర్చిపోవద్దు, ఆ డబ్బా మే నెలలో పొయ్యి మాదిరి ఉంటాది, జిగురు కారి రోల్ మొత్తం ముద్దవుతాది. ఇంట్లో నీడ పట్టున మూత ఉండే డబ్బాలో పెట్టండి, కొస మడిచి పెడితే వచ్చేసారి గోరుతో వెతుక్కునే పని ఉండదు.